దూరపు ఆస్పత్రిలో డిశ్చార్జ్: గేటు దాటే ముందు తేల్చుకోవాల్సినవి, ఊరు చేరాక చేయాల్సినవి

"రేపు డిశ్చార్జ్" అన్న మాట చెవిన పడగానే వార్డులో ఉన్న మనిషికి సగం జబ్బు నయమైపోతుంది. సంచులు సర్దేస్తారు, ఊళ్ళో వాళ్ళకి ఫోన్లు చేసేస్తారు. ఆ హడావుడిలో అడగాల్సినవి అడగరు. విశాఖలో ఉండేవాళ్ళు విశాఖలోనే ఆపరేషన్ చేయించుకుంటే ఏం మర్చిపోయినా ఆటో ఎక్కి వెనక్కి రావచ్చు. కవిటి నుంచో ఇచ్ఛాపురం నుంచో వచ్చినవాళ్ళకి అది కుదిరే పని కాదు. ఒక్క సంతకం కోసం రెండొందల కిలోమీటర్ల పైన మళ్ళీ రావాలి. రోగి కూలి పోతుంది, తోడొచ్చినవాడి కూలి పోతుంది, ఛార్జీలు, తిండి, రాత్రి ఉండాల్సి వస్తే లాడ్జి. ఉట్నూరు నుంచి హైదరాబాద్ వచ్చినవాళ్ళదీ, మదనపల్లె నుంచి వెల్లూరు వెళ్ళినవాళ్ళదీ ఇదే బాధ.

మాది సోంపేట వైపు. నాలుగు ఇంగ్లీషు ముక్కలు చదవగలను గనక ఊళ్ళో ఎవరికి పెద్దాస్పత్రి పడినా తోడుగా నన్ను లాక్కుపోతుంటారు. అలా వార్డుల్లో తిరిగి చూసినదీ, డాక్టర్లనీ సిస్టర్లనీ అడిగి తెలుసుకున్నదీ ఇక్కడ వరసగా రాస్తున్నాను. అన్నిటికీ మూలం ఒకటే: ఇకపైన ఏ పని ఊళ్ళో అవుతుంది, ఏ పనికి మళ్ళీ ఇంత దూరం రావాలి అన్నది గేటు దాటకముందే తేలిపోవాలి. మందుల విషయంలో నేను రాసినదానికీ మీ డాక్టర్ చెప్పినదానికీ తేడా వస్తే డాక్టర్ మాటే ఖాయం.

1. ముందు రోజు సాయంత్రమే మొదలుపెట్టండి

డిశ్చార్జ్ అంటే పెద్ద డాక్టర్ రౌండ్స్‌లో "వెళ్ళిపోవచ్చు" అనడంతో అయిపోయేది కాదు. ఆ తర్వాత డ్యూటీ డాక్టర్ సమ్మరీ తయారు చెయ్యాలి, పెద్దాయన సంతకం పడాలి, మిగిలిన మందులు ఫార్మసీకి వాపసు వెళ్ళాలి, ఫైనల్ బిల్లు రావాలి. ఇన్సూరెన్స్ ఉంటే వాళ్ళ అప్రూవల్ కోసం ఎదురుచూపు. ఆరోగ్యశ్రీ కేసైతే ఆన్‌లైన్‌లో డిశ్చార్జ్ వివరాలు ఎక్కించాలి. పొద్దున తొమ్మిదింటికి చెప్పిన డిశ్చార్జ్ సాయంత్రం ఐదింటికి చేతికి రావడం మామూలే. అప్పటికి మీ ఊరి చివరి బస్సు వెళ్ళిపోయి ఉంటుంది.

అందుకని ముందు రోజు సాయంత్రమే డ్యూటీ డాక్టర్ దగ్గరికి వెళ్ళి, "సార్, మాది దూరం. రేపు పంపిస్తే ఎన్నింటికి చేతికి కాగితాలొస్తాయి? రాత్రి ప్రయాణం చెయ్యొచ్చా?" అని అడగండి. ఊరి పేరు చెప్తే వాళ్ళకి దూరం తెలియదు. "బస్సు దిగాక ఇంకో గంట ఆటోలో వెళ్ళాలి, దారి గతుకులు" అని చెప్పండి, అప్పుడు అర్థమవుతుంది. సర్కారు ఆస్పత్రిలో అయితే ఆ రాత్రికి ఉండి తెల్లవారి వెళ్తామంటే బెడ్ ఖాళీ ఉన్నంతలో ఒప్పుకుంటారు. ప్రైవేటులో అదనపు రోజు ఛార్జీ పడుతుందేమో ముందే తేల్చుకోండి.

ఇంకో సంగతి. డబ్బులు అయిపోయాయనో, ఇంటి దగ్గర కోతలున్నాయనో డాక్టర్ వద్దంటున్నా వెళ్ళిపోతే కాగితం మీద "లామా" అని రాస్తారు. వైద్య సలహాకు విరుద్ధంగా వెళ్ళిపోయారని దాని అర్థం. కొన్ని చోట్ల సరైన సమ్మరీ కూడా చేతికి రాదు. డబ్బే కారణమైతే ఆ మాట డాక్టర్‌తోనే చెప్పండి. ఇదే చికిత్స జిల్లా ఆస్పత్రిలో కొనసాగించేలా రిఫర్ చేసి పంపమనండి. అలా వెళ్ళడం వేరు, లామా మీద సంతకం పెట్టి వెళ్ళడం వేరు. ఏ కాగితం మీదైనా చదివించుకోకుండా సంతకం గానీ వేలిముద్ర గానీ వెయ్యొద్దు.

2. సమ్మరీని అక్కడే, కుర్చీలో కూర్చుని చదవండి

డిశ్చార్జ్ సమ్మరీ ఇంగ్లీషులో ఉంటుంది. మీకు రాకపోతే వార్డులో చదువుకున్న పిల్లలెవరైనా ఉంటారు, లేదా ఫొటో తీసి ఊళ్ళో టీచరు గారికి వాట్సాప్ చెయ్యండి. గేటు దాటాక తప్పు కనిపిస్తే దాన్ని దిద్దించడానికి మళ్ళీ ప్రయాణమే.

మొదట పేరు, వయసు. ఆధార్‌లో, రేషన్ కార్డులో ఎలా ఉందో అలాగే ఉండాలి. రేపు సీఎం రిలీఫ్ ఫండ్‌కి పెట్టినా, పెన్షన్‌కి పెట్టినా, ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేసినా ఒక్క అక్షరం తేడాకి వెనక్కి పంపేస్తారు. తర్వాత చేరిన తేదీ, వెళ్ళిన తేదీ, ఐ.పి. నంబరు, అంటే ఆస్పత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబరు. జబ్బు పేరు, ఏం ఆపరేషన్ చేశారు, ఏ వైపు చేశారు. కుడి కాలికి చేసి ఎడమ అని టైపు అయిన కాగితాలు నేను చూశాను. ఆపరేషన్ సరిగ్గానే జరిగింది, టైపు చేసే దగ్గర పొరపాటు. దాన్నలాగే వదిలేస్తే తర్వాత చూసే డాక్టర్ తికమకపడతాడు.

శరీరంలో ఏదైనా పెట్టి ఉంటే, అంటే గుండెకి స్టెంట్, వాల్వ్, తుంటికి ప్లేటు, కంట్లో లెన్స్, దాని కంపెనీ, సైజు, నంబరు ఉన్న స్టిక్కర్ గానీ కార్డు గానీ ఇప్పించుకోండి. కిడ్నీలో రాయి తీసినవాళ్ళలో చాలామందికి లోపల చిన్న గొట్టం పెట్టి పంపుతారు, దాన్ని డి.జె. స్టెంట్ అంటారు. అది కొన్ని వారాల తర్వాత తప్పనిసరిగా తీయించుకోవాలి. నొప్పి తగ్గింది కదా అని మర్చిపోతే దాని చుట్టూ మళ్ళీ రాళ్ళు కడతాయి, కిడ్నీకే ముప్పు. సమ్మరీలో "స్టెంట్" అన్న మాట కనిపిస్తే అది గుండెదా కిడ్నీదా, తీసేదా ఉంచేదా, తీసేదైతే ఏ తేదీకి అని గుచ్చి గుచ్చి అడగండి.

గడ్డ తీసినా, గర్భసంచి తీసినా ముక్కని బయాప్సీకి పంపుతారు. ఆ రిపోర్టు డిశ్చార్జ్ నాటికి రాదు. సమ్మరీలో "హెచ్.పి.ఈ. అవెయిటెడ్" అని, అంటే ఆ ముక్క పరీక్ష రిపోర్టు ఇంకా రావాలని, చిన్నగా రాసి ఊరుకుంటారు. అది క్యాన్సరో కాదో చెప్పే కాగితం. ఎప్పుడొస్తుంది, ఎవరు తీసుకోవాలి, వాట్సాప్‌లో పంపుతారా, ఫోన్ నంబరేది అని రాసుకోండి. రిపోర్టు వచ్చి నెలల తరబడి ల్యాబులో పడి ఉండటం, ఇక్కడ మనిషి "వాళ్ళేమీ చెప్పలేదు గనక ఏమీ లేదు" అనుకోవడం చాలా చోట్ల జరిగేదే.

సి.టి., ఎమ్మారై ఫిల్ములు, సీడీ, ఈసీజీ, ఎకో రిపోర్టు, రక్తపరీక్షల కాగితాలు కూడా అడిగి తీసుకోండి. కేస్ షీట్ జిరాక్స్ కావాలంటే మెడికల్ రికార్డ్స్ విభాగంలో దరఖాస్తు పెట్టండి. అడిగిన 72 గంటల్లోగా రికార్డులివ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనలే చెబుతున్నాయి. ఒక మాట: థర్మల్ కాగితం మీద వచ్చే ఈసీజీ, బిల్లులు కొన్ని నెలలకే తెల్లబడిపోతాయి. వెంటనే ఫొటో తీసి, జిరాక్స్ కూడా చేయించండి.

3. మందులు: ఇక్కడే ఎక్కువ దెబ్బ తగులుతుంది

చీటీ మీద ఉండే గుర్తులు కొన్నే. ఓ.డి. అంటే రోజుకొకటి, బి.డి. అంటే రెండు పూటలా, టి.డి.ఎస్. అంటే మూడు పూటలా, హెచ్.ఎస్. అంటే పడుకునే ముందు, ఎస్.ఓ.ఎస్. అంటే అవసరమైతేనే. 1-0-1 అని ఉంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. ఏ.సి. అంటే తిండికి ముందు, పి.సి. అంటే తిన్నాక.

గుర్తులు తెలిసినంత మాత్రాన పని అయిపోదు. మందులు చేతికొచ్చాక సిస్టర్‌నో ఫార్మసిస్టునో పట్టుకుని ఒక్కొక్క స్ట్రిప్ బయటకి తీసి, ఇది దేనికి, ఎన్నాళ్ళు, అయిపోతే మళ్ళీ కొనాలా, ఆపెయ్యాలా అని అడగండి. చదువు రాని పెద్దవాళ్ళకి స్ట్రిప్ వెనక స్కెచ్ పెన్నుతో సూర్యుడు, చంద్రుడు గీసి ఇస్తే వాళ్ళే వేసుకుంటారు. కత్తెరతో స్ట్రిప్‌ని ముక్కలు చేసేటప్పుడు చూసుకోండి. మందు పేరు ఒక చివర, తేదీ ఇంకో చివర ఉంటాయి. ముక్కలు చేసి డబ్బాలో పోస్తే వారం తిరిగేసరికి ఇంట్లో ఎవరికీ ఏది ఏ మందో తెలియదు. చేతిలో ఆరు తెల్లమాత్రలు పెట్టుకుని "ఇందులో గుండెది ఏదిరా?" అని అడిగే పెద్దమ్మలు మా వైపు ఇంటికొకరు.

అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న: ఇంట్లో ఉన్న పాత మాత్రల సంగతేమిటి? బి.పి., షుగర్ ఉన్నవాళ్ళకి పెద్దాస్పత్రిలో మందు మార్చి రాస్తారు. ఇంటికొచ్చాక పాతదీ కొత్తదీ రెండూ వేసుకుంటారు, కంపెనీ పేర్లు వేరు గనక రెండూ ఒకటే మందని తెలియదు. షుగర్ పడిపోయి, బి.పి. పడిపోయి కళ్ళు తిరిగి పడిపోవడానికి ఇదొక పెద్ద కారణం. ఆస్పత్రికి వెళ్ళేటప్పుడే పాత మందుల కవరు తీసుకెళ్ళి, వచ్చేటప్పుడు "ఇవి ఆపాలా, కొనసాగించాలా" అని ఒక్కొక్కటీ చూపించి తేల్చుకోండి. ఆపమన్నవి అక్కడే పారేసి రండి.

సొంతంగా ఆపకూడని మందులు కొన్నున్నాయి. గుండెకి స్టెంట్ వేశాక ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మాత్రలు మానేస్తే స్టెంట్‌లో గడ్డ కట్టి మళ్ళీ గుండెపోటు రావచ్చు. పన్ను పీకించుకోవాలన్నా ముందు గుండె డాక్టర్‌ని అడగాలి. ఫిట్స్ మాత్రలు, స్టెరాయిడ్లు ఉన్నట్టుండి ఆపితే ప్రమాదం. వాల్వ్ మార్చినవాళ్ళు రక్తం గడ్డకట్టకుండా వేసుకునే ఎసిట్రామ్ లాంటి మందుకైతే ఎప్పటికప్పుడు పి.టి.-ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష చేయించి మోతాదు సరిచూసుకోవాలి. ఆ పరీక్ష మీ దగ్గర్లో ఎక్కడ చేస్తారో ఊరు చేరాక వెతుక్కోవడం కాదు, అక్కడుండగానే ఫోన్ చేసి కనుక్కోండి. ఆ వివరం ఒక కాగితం మీద రాసి సమ్మరీకి జత చెయ్యండి.

ఇక ఊళ్ళో ఆర్‌ఎంపీ. ఆయన్ని తీసిపారెయ్యక్కర్లేదు, రాత్రి పన్నెండింటికి తలుపు కొడితే వచ్చేది ఆయనే. కానీ ఒళ్ళు నొప్పులంటే చాలు, సూది వేసే అలవాటు ఆయనది, వేయించుకునే అలవాటు మనది. రక్తం పలచబరిచే మందు మీద ఉన్న మనిషికి కండలో సూది గుచ్చితే లోపలే రక్తం కారి గడ్డలా వాచిపోవచ్చు. మా సోంపేట, కవిటి వైపు ప్రాంతాన్ని ఉద్దానం అంటారు, ఇక్కడ కిడ్నీ జబ్బు ఎంత ఉందో అందరికీ తెలిసిందే. అలాంటివాళ్ళకి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు ఉన్న కిడ్నీని కూడా దెబ్బతీస్తాయి. అందుకే డిశ్చార్జ్ రోజున డాక్టర్‌ని "నొప్పి వస్తే ఏ మాత్ర వేసుకోవచ్చు, ఏది వేసుకోకూడదు?" అని అడిగి సమ్మరీలోనే రాయించండి. ఇంటికొచ్చాక ఆ కాగితం ఆర్‌ఎంపీకి చూపించి "డాక్టర్ గారూ, ఇదీ సంగతి, సూది వద్దు" అని మర్యాదగా చెప్పండి. ఆయన కూడా కోప్పడడు.

ఎన్నాళ్ళకి సరిపడా కొనాలి? మండల కేంద్రంలో మీ మందు దొరుకుతుందో లేదో తెలియకపోతే రివ్యూ దాకా సరిపోయేంత తెచ్చుకోవడం మంచిది. కంపెనీ పేరుతో పాటు మందు అసలు పేరు కూడా రాయించుకుంటే జన్ ఔషధి షాపులో తక్కువకి దొరుకుతుంది. బి.పి., షుగర్ మాత్రల్లో చాలావరకు పి.హెచ్.సి.లో ఉచితంగానే ఇస్తారు. ఇన్సులిన్ తెచ్చుకునేవాళ్ళు మంచుగడ్డ తగలకుండా గుడ్డలో చుట్టి ఫ్లాస్కులో పెట్టుకోండి. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

4. ఇంట్లో చేసే మనిషే అక్కడ నేర్చుకోవాలి

ఆస్పత్రిలో తోడున్నది కొడుకు. ఇంటికొచ్చాక కట్టు మార్చేదీ, గొట్టంలో గంజి పోసేదీ, పక్క మార్చేదీ కోడలు. సిస్టర్ చెప్పింది కొడుకు విన్నాడు, కోడలికి "ఇలా చెయ్యాలంట" అని రెండు ముక్కల్లో చెప్పాడు. ఇక్కడే సగం తేడాలొస్తాయి. వీలైతే చివరి రెండు రోజులూ ఇంట్లో చూసుకునే మనిషే వార్డులో ఉండాలి. సిస్టర్ చేస్తుంటే చూడటం కాదు, సిస్టర్ చూస్తుండగా తను చెయ్యాలి. రాలేకపోతే సిస్టర్ అనుమతి అడిగి ఫోన్‌లో వీడియో తీసి పంపండి.

యూరిన్ బ్యాగుతో పంపిస్తే, బ్యాగు ఎప్పుడూ నడుము కంటే కింద వేలాడాలి, కానీ నేలకి ఆనకూడదు. బస్సులో ఒళ్ళో పెట్టుకుంటే మూత్రం వెనక్కి పోయి ఇన్ఫెక్షన్ వస్తుంది. గొట్టం మార్చే తేదీ ఏదో, పి.హెచ్.సి.లో మార్చొచ్చో లేదో అడగండి. ముక్కు గొట్టంతో ఆహారం పెట్టేవాళ్ళు రోగిని కూర్చోబెట్టే పెట్టాలి, పెట్టాక కనీసం అరగంట పడుకోబెట్టకూడదు. మంచం దిగలేని మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చాలి, లేకపోతే పుండ్లు పడతాయి. డయాలసిస్ కోసం చేతికి ఫిస్టులా వేసినవాళ్ళు ఆ చేతికి బి.పి. చూడనివ్వకూడదు, సూది గుచ్చనివ్వకూడదు, దాంతో బరువులెత్తకూడదు.

5. రివ్యూ: ఎందుకు రావాలో అడగండి

"పదిహేను రోజులకి రండి" అని రాసేస్తారు. దేనికి? కుట్లు తీయడానికే అయితే ఆ పని పి.హెచ్.సి.లోనో ఏరియా ఆస్పత్రిలోనో అయిపోతుంది. "కుట్లు ఫలానా తేదీన దగ్గరి ఆస్పత్రిలో తీయొచ్చు" అని సమ్మరీలో ఒక్క ముక్క రాసివ్వమనండి. అది లేకపోతే ఇక్కడి డాక్టర్ "అక్కడికే వెళ్ళండి" అంటాడు, ఆయన్ని తప్పుపట్టలేం. రక్తపరీక్షలే అయితే ఇక్కడ చేయించి రిపోర్టు ఫోన్‌లో పంపొచ్చా అని అడగండి. పెద్ద డాక్టర్ స్వయంగా చెయ్యి వేసి చూడాల్సిన రివ్యూలైతే ఎంత దూరమైనా వెళ్ళాల్సిందే. వాటిని మానకుండా ఉండాలంటే అనవసరమైనవి తగ్గించుకోవాలి కదా.

పెద్ద సర్కారు ఆస్పత్రుల్లో ఒక్కో యూనిట్‌కి ఓపీ వారంలో ఫలానా రోజులే ఉంటుంది. మీ డాక్టర్ యూనిట్ ఏది, ఓపీ ఏ రోజు, ఎన్ని గంటలకి చీటీలు ఆపేస్తారు అన్నది రాసుకోండి. రివ్యూ తేదీ ఆదివారమో పండగో పడుతుందేమో అక్కడే క్యాలెండర్ చూడండి. పరగడుపున రావాలా, ఏ పరీక్షలు చేయించి తేవాలి అని కూడా.

6. డబ్బులు, పథకాలు

ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ. 2007లో మొదలైన పథకమే, మధ్యలో పేర్లు మారాయి. ఈ పథకం కింద చేరితే ప్యాకేజీలో ఉన్న చికిత్సకి విడిగా డబ్బు అడగకూడదు. డిశ్చార్జ్ తర్వాత 10 రోజుల మందులు, ఇంటికి వెళ్ళడానికి బస్సు ఛార్జీ కూడా అందులో భాగమే. ఛార్జీ తీసుకోకుండానే "ముట్టింది" అని సంతకం పెట్టి వచ్చేస్తుంటారు చాలామంది. అడగండి. కొన్ని జబ్బులకి డిశ్చార్జ్ తర్వాత కూడా మందులు, పరీక్షలు ఫాలో-అప్ ప్యాకేజీ కింద వస్తాయి. మీ జబ్బు అందులో ఉందేమో ఆస్పత్రిలో హెల్ప్ డెస్క్ దగ్గర ఉండే ఆరోగ్యమిత్ర చెప్తారు. ఆయనతో పని కాకపోతే 104కి ఫోన్ చెయ్యండి.

సొంత డబ్బుతో చేయించుకున్నవాళ్ళు ప్రతి పద్దూ విడివిడిగా ఉన్న బిల్లు అడగాలి. అడ్వాన్సు కట్టిన రసీదులన్నీ అందులో తగ్గించారా, వాపసిచ్చిన మందుల డబ్బు తీశారా చూసుకోవాలి. బిల్లు దగ్గర గొడవ వచ్చినా రోగిని ఆపి ఉంచే హక్కు ఆస్పత్రికి లేదని జాతీయ మానవ హక్కుల సంఘం తయారుచేసిన రోగుల హక్కుల పత్రం స్పష్టంగా చెబుతుంది. గట్టిగా అరవక్కర్లేదు, ఆ మాట తెలిసినట్టు మాట్లాడితే చాలు. సీఎం రిలీఫ్ ఫండ్‌కి పెట్టాలనుకుంటే ఒరిజినల్ బిల్లులు, సమ్మరీ భద్రం చేసుకుని ఎమ్మెల్యే ఆఫీసులో ఇవ్వాలి. ఒరిజినల్స్ ఇచ్చే ముందు రెండు సెట్లు జిరాక్స్ తీసుకోండి, రివ్యూకి అవే దిక్కు.

7. ప్రయాణం

108 ఆపదలో ఆస్పత్రికి తీసుకెళ్ళడానికే గానీ ఇంటి దగ్గర దింపడానికి కాదు. సర్కారు ఆస్పత్రిలో కాన్పయిన తల్లీబిడ్డల్ని ఇంటికి చేర్చడానికి ఆంధ్రాలో తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్, తెలంగాణలో 102 అమ్మఒడి బండ్లున్నాయి. మన్యం నుంచి విశాఖ కె.జి.హెచ్.కి వచ్చిన గిరిజన రోగులు అక్కడి ఎస్టీ సెల్‌లో అడిగితే తిరుగు ప్రయాణం దారి చూపిస్తారు.

"ఏ బండిలో వెళ్ళొచ్చు?" అన్నది డాక్టర్‌ని అడగాల్సిన ప్రశ్నే. తుంటి, వెన్ను ఆపరేషన్ అయినవాళ్ళకి రైల్లో లోయర్ బెర్తు అన్నిటికంటే సుఖం. కారులో మడుచుకుని కూర్చోవడం కంటే నయం. బస్సే గతైతే చక్రాల మీద సీటు, వెనక సీటు వద్దు, మధ్యలో కూర్చోండి. పొట్ట ఆపరేషన్ అయినవాళ్ళు కుట్ల మీద చిన్న దిండు అదిమి పెట్టుకుంటే కుదుపులకి, దగ్గుకి నొప్పి తెలియదు. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్ళలో రక్తం గడ్డ కట్టొచ్చు. బస్సు ఆగినప్పుడల్లా లేచి నాలుగడుగులు వెయ్యాలి, లేవలేకపోతే పాదాలు పైకీ కిందకీ ఆడిస్తుండాలి.

ఆడవాళ్ళకి తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. సూపర్ లగ్జరీలకి అది వర్తించదు. ఆధార్ కార్డు రోగి సంచిలోనే పెట్టుకోండి. క్యాన్సర్ రోగులకీ, డయాలసిస్, గుండె ఆపరేషన్ లాంటివాటికి వెళ్ళేవాళ్ళకీ, తోడు వచ్చే ఒకరికీ రైల్వే రాయితీ ఉంది. దానికి ఆస్పత్రి వాళ్ళు రైల్వే ఫారంలో సర్టిఫికెట్ రాసివ్వాలి, టికెట్ కౌంటర్‌లో తీసుకోవాలి. రివ్యూ ప్రయాణానికి కూడా పనికొస్తుందేమో ఆ ఫారం రాయించేటప్పుడే అడగండి.

ప్రైవేటు అంబులెన్సు మాట్లాడుకుంటే కిలోమీటరు లెక్కా, మొత్తానికా, తిరుగు ఖాళీ బండికి ఎంత, టోల్ ఎవరిది, ఆక్సిజన్‌కి వేరేనా అన్నీ ముందే తేల్చి ఫోన్‌లో మెసేజ్ పెట్టించుకోండి. మీ ఊరికి వానాకాలం బండి రాదు, డోలీయే గతి అంటే తొందరపడొద్దు. కుట్లు ఆరేదాకా మండల కేంద్రంలో చుట్టాలింట్లో ఉండి వెళ్ళడం మేలు.

8. ఊరు చేరాక

మర్నాడే ఆశా కార్యకర్తకీ, ఏఎన్ఎమ్‌కీ కబురు పెట్టి సమ్మరీ చూపించండి. వారం లోపు పి.హెచ్.సి. డాక్టర్ ఒకసారి రోగిని చూస్తే రేపు ఏదైనా అయినప్పుడు కొత్తగా కథంతా చెప్పక్కర్లేదు. ఆరోగ్యం బాగానే ఉంది కదా అని ఇది వాయిదా వెయ్యకండి.

ఆగకూడని లక్షణాలు: 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, కుట్ల దగ్గర చీము, ఎరుపు, ఆగని రక్తం, ఛాతీలో నొప్పి, ఆయాసం, ఒక కాలే వాచి నొప్పి పెట్టడం, మూత్రం ఆగిపోవడం, మాట తడబడటం, మత్తుగా పడి ఉండటం. ఇవి కనిపిస్తే పెద్దాస్పత్రి దూరం లెక్కపెట్టుకుంటూ కూర్చోకుండా 108కి ఫోన్ చేసి దగ్గరి ఆస్పత్రికే వెళ్ళండి, సమ్మరీ చేత్తో పట్టుకుని.

మిగిలింది పథ్యం. ఇదొక పెద్ద తగువు. ఆపరేషన్ అయిందంటే చాలు, మన ఇళ్ళల్లో పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడని, వంకాయ దురదని అన్నీ ఆపి కారం లేని బీరకాయా చారన్నం పెడతారు. పుండు మానడానికి మాంసకృత్తులే కావాలి. డాక్టర్ ప్రత్యేకంగా వద్దనకపోతే పప్పు, గుడ్డు, పాలు, చేప అన్నీ పెట్టొచ్చు. బాలింతకి నీళ్ళు తగ్గించడం అయితే పూర్తిగా మానెయ్యాలి, పాలిచ్చే తల్లికి మామూలుకంటే ఎక్కువే కావాలి. పెద్దవాళ్ళతో వాదించి గెలవలేం. అందుకే డిశ్చార్జ్ రోజున డాక్టర్ చేత "ఏం తినొచ్చు" అన్నది రాయించండి, వీలైతే స్పీకర్ పెట్టి నాయనమ్మకి ఆయన నోటితోనే చెప్పించండి.

నిజంగా పథ్యం ఉండాల్సిన వాళ్ళూ ఉన్నారు, వాళ్ళకేమో ఎవరూ చెప్పరు. ఎసిట్రామ్ వేసుకునేవాళ్ళు ఆకుకూరలు పూర్తిగా మానక్కర్లేదు గానీ ఒక వారం రోజూ తిని, మరో వారం ముట్టకుండా ఉంటే మందు లెక్క తప్పుతుంది. కిడ్నీ రోగులకి పొటాషియం పెరిగితే గుండె ఆగిపోయే ప్రమాదం. మా ఉద్దానమంతా కొబ్బరితోటలు. పరామర్శకి వచ్చిన ప్రతివాడూ చలవ చేస్తుందని నాలుగు బొండాలు కొట్టించి తెస్తాడు. కొబ్బరినీళ్ళలో పొటాషియం దండిగా ఉంటుంది. డయాలసిస్ రోగి మొహమాటానికి తాగితే రాత్రికే ఆస్పత్రి పాలవుతాడు. వచ్చిన బొండాలు ఇంట్లో పిల్లలకి ఇచ్చెయ్యండి, తెచ్చినవాళ్ళని నొప్పించక్కర్లేదు.

పరామర్శకి వచ్చేవాళ్ళని పూర్తిగా ఆపలేం. జలుబూ దగ్గూ ఉన్నవాళ్ళని వాకిట్లోనే కూర్చోబెట్టండి. కట్టు విప్పి చూపించమనేవాళ్ళు కూడా ఉంటారు. చూపించొద్దు.

రివ్యూకి బయల్దేరే ముందు రోజు వార్డు నంబరుకో ఓపీ నంబరుకో ఫోన్ చేసి డాక్టర్ ఉన్నారా, సెలవా అని కనుక్కోండి. సంచిలో సమ్మరీ, పాత రిపోర్టులు, ఫిల్ములు, ఆధార్, ఆరోగ్యశ్రీ కాగితాలు, ఇప్పుడు వేసుకుంటున్న మందుల స్ట్రిప్పులు పెట్టండి, ఖాళీ అయినవి కూడా. ఇన్ని రోజుల్లో వచ్చిన అనుమానాలు ఒక కాగితం మీద రాసుకోండి. ఓపీలో మీకు దొరికేది రెండు మూడు నిమిషాలే, ఆ కాగితం తీసి చదివెయ్యండి.